తిరుపతిలో ఉంటూ ఫ్రెంచ్ మొదలుపెట్టడం ఎలా: ముప్పై దాటినవాళ్ల కోసం

"అక్కా, మన తిరుపతిలో ఫ్రెంచి యాడ చెప్తారు?"

వారానికి ఒకరైనా అడిగే ప్రశ్న ఇది. కెనడా ఫైలు కదిలించాలనుకునే కుర్రాళ్లు అడుగుతారు. మాంట్రియల్‌లో మనవరాలు పుట్టిందని సంబరపడే రిటైర్డ్ మాస్టార్లు అడుగుతారు. శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసుకుంటూ, విదేశాల నుంచి వచ్చిన కొనుగోలుదార్లతో రెండు ముక్కలు మాట్లాడాలనుకునేవాళ్లూ అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఒక్కచోట రాసేస్తున్నాను.

నేను మొదలుపెట్టినప్పుడు నాకు ముప్పై తొమ్మిదేళ్లు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, బయట ఉద్యోగం. కాబట్టి "ఈ వయసులో వస్తుందా?" అన్న ప్రశ్న పక్కన పెట్టేయండి, వస్తుంది. ఎటు నుంచి మొదలుపెడతారన్నదే ముఖ్యం. మనవాళ్లు ఎక్కువగా ఇంగ్లీషు మీదుగా ఫ్రెంచ్‌లోకి వెళ్తారు. నేను చేసిన తప్పుల్లో సగం అక్కడే పుట్టాయి. తెలుగు మీదుగా వెళ్తే చాలాచోట్ల దారి దగ్గర. అదెలాగో ఒక్కో మెట్టులో చూపిస్తాను.

ఒక హెచ్చరిక. ఇక్కడ ఫ్రెంచ్ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, చదువుకోవడానికి వీలుగా ఉంటుందని మాత్రమే. మీ నోటుపుస్తకంలో మాత్రం ఇలా రాసుకోవద్దు. కారణం నాలుగో మెట్టులో ఉంది.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- వైర్‌తో ఉన్న ఇయర్‌ఫోన్లు. బ్లూటూత్‌వైనా ఫర్వాలేదు కానీ మైకు బాగుండాలి.
- ఫోన్ కీబోర్డులో ఫ్రెంచ్ భాష. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చేర్చుకుంటే చాలు. అక్షరం మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే గుర్తులున్న అక్షరాలు పైకి వస్తాయి.
- చిన్న అద్దం ఒకటి. నవ్వకండి, పని ఉంది.
- రెండు రంగుల పెన్నులు, ఒక లాంగ్ నోటుబుక్కు.
- రోజుకు అరగంట. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చోవడం కన్నా రోజూ పాతిక నిమిషాలు మేలు.

పుస్తకం ఇప్పుడే కొనకండి. ఏ క్లాసులో చేరితే వాళ్లు ఒకటి చెప్తారు. నా అల్మారాలో మొదటి పేజీ దాటని పుస్తకాలు ఇప్పటికీ మూడున్నాయి.

1. ఎందుకు నేర్చుకుంటున్నారో తేల్చుకోండి

ఇది వేదాంతం కాదు, డబ్బు లెక్క. ఫ్రెంచ్‌కు పరీక్షలు రకరకాలు. తప్పు పరీక్షకు తయారైతే ఏడాది శ్రమ పనికిరాకుండా పోతుంది.

స్థాయిలు ఆరు: ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2. ఏ1 అంటే పేరు, ఊరు, పని చెప్పుకోగలగడం, అంగట్లో ధర అడగగలగడం. బీ2 అంటే ఒక విషయం మీద వాదించగలగడం.

డెల్ఫ్ అనేది ఏ1 నుంచి బీ2 వరకు ఒక్కో స్థాయికి ఒక్కో డిప్లొమా. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. ఫ్రాన్సులో చదువుకైనా, మీ తృప్తికైనా ఇదే మంచిది. కెనడాలో స్థిరపడటానికి దరఖాస్తు పెట్టే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి మాత్రం డెల్ఫ్ చూపిస్తే పనికిరాదు. దానికి టెఫ్ కెనడా గానీ టీసీఎఫ్ కెనడా గానీ రాయాలి. వాటి ఫలితాలు రెండేళ్లే చెల్లుతాయి. అంటే తొందరపడి ముందే రాసేసుకోవడం నష్టం. అక్కడ ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు విడిగా ఉన్న కేటగిరీకి అడిగేది ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్‌కు కెనడావాళ్ల కొలబద్ద) 7, వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం నాలుగింటిలోనూ. అది దాదాపు బీ2తో సమానం.

ఇప్పుడు గంటల లెక్క వేసుకోండి. ఏ1కు సుమారు 100 గంటల క్లాసు పడుతుంది. బీ2 దాకా చేరాలంటే మొదటి నుంచి మొత్తం 600 గంటలు అటూ ఇటూ. వారానికి నాలుగు గంటల చొప్పున ఏ1కు ఆరు నెలలు, బీ2కు దాదాపు మూడేళ్లు. వారానికి పన్నెండు గంటలు పెట్టగలిగితే ఏడాదిలో చేరొచ్చు. "మూడు నెలల్లో బీ2 గ్యారంటీ" అని గోడ మీద ఫ్లెక్సీ కనిపిస్తే ఈ లెక్క గుర్తు తెచ్చుకుని ముందుకు నడవండి.

2. క్లాసు ఎంచుకోండి

తిరుపతిలో ఉన్నవాళ్లకు దారులు మూడు.

అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఆన్‌లైన్ బ్యాచ్‌లు. ఫ్రెంచ్ నేర్పే ఈ సంస్థ 1883లో పారిస్‌లో మొదలైంది. మనకు దగ్గరలో చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో కేంద్రాలున్నాయి. పద్ధతిగా నడుస్తాయి, పరీక్షలూ వాళ్ల దగ్గరే రాయొచ్చు. ఇబ్బంది ఏమిటంటే బ్యాచ్ వేగం మీ కోసం ఆగదు.

శని, ఆదివారాల్లో స్వయంగా వెళ్లడం. తిరుపతి నుంచి చెన్నై సుమారు 140 కిలోమీటర్లు. చిత్తూరువాళ్లు చెన్నై వైపైనా బెంగళూరు వైపైనా వెళ్లొచ్చు. ఏ2లో నేను కొన్ని నెలలు ఇలా తిరిగాను. నేర్చుకున్నది చాలా, అలసిపోయింది అంతకన్నా ఎక్కువ. ఏ1కు ఇంత అక్కర్లేదు.

ఊళ్లోనే ట్యూషన్, లేదా ఆన్‌లైన్‌లో ఒక టీచర్‌తో ఒక్కరే. యూనివర్సిటీ చుట్టుపక్కల, బాలాజీ కాలనీ వైపు విచారిస్తే స్కూళ్లలో ఫ్రెంచ్ చెప్పే మాస్టార్లు, మేడమ్‌లు దొరకొచ్చు. పెద్దవాళ్లకు ఇది చాలా సుఖం, ఎందుకంటే నోరు తెరిచే అవకాశం మీ ఒక్కరికే ఉంటుంది. అయితే పిల్లల పరీక్షకు చెప్పే పద్ధతి వేరు, మీకు కావలసింది వేరు. ఆ తేడా ముందే మాట్లాడుకోండి.

డబ్బు కట్టేముందు ఒక డెమో క్లాసులో కూర్చుని ఇవి గమనించండి:

- గంటలో మీరు ఎన్ని నిమిషాలు మాట్లాడారు? పదిహేను కూడా లేకపోతే వద్దు.
- టీచర్ ఏ స్థాయి దాకా చదివారు? అడగడం మర్యాద తక్కువ కాదు. ఏ1 చెప్పేవాళ్లు కనీసం బీ2 అయి ఉండాలి.
- బ్యాచ్‌లో ఎందరు? పన్నెండు దాటితే మీ వంతు రాదు.
- మానేసిన క్లాసుకు రికార్డింగ్ ఇస్తారా?

ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి. నేను కట్టాను. ఐదు శాతం తగ్గిస్తామంటే ఆశపడ్డాను. నాలుగు నెలల్లో ముగ్గురు టీచర్లు మారారు, వచ్చిన ప్రతివాళ్లూ మళ్లీ "బోఁఝూర్" (నమస్కారం) నుంచే ఎత్తుకున్నారు. మిగిలిన డబ్బు అడిగితే ఫోన్ ఎత్తడం మానేశారు. నెలనెలా కట్టేలా ఒప్పుకుంటేనే చేరండి.

ఇక మన ఊరికే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది, చుట్టాలు. దర్శనానికి వచ్చేవాళ్లు సరిగ్గా మీ క్లాసు టైముకే రేణిగుంటలో దిగుతారు. బ్రహ్మోత్సవాలప్పుడు, వేసవి సెలవుల్లో చెప్పనే అక్కర్లేదు. అందుకే సాయంత్రం బ్యాచ్ కన్నా పొద్దున ఆరున్నర బ్యాచ్ దొరికితే పట్టుకోండి. ఆ టైములో చుట్టాలు కొండ మీద క్యూలో ఉంటారు.

3. మొదటి రెండు వారాలు చెవికి వదిలేయండి

క్లాసు మొదలవకముందే చేయదగ్గ పని ఇది. టీవీ5 మోంద్ అనే ఫ్రెంచ్ టీవీ సంస్థ వెబ్‌సైటులో నేర్చుకునేవాళ్ల విభాగం ఉంది, ఉచితం. ఏ1 అని ఎంచుకుంటే చిన్న వీడియోలు, వాటికి ప్రశ్నలు వస్తాయి. రోజుకొకటి వినండి. అర్థం కావాలని పట్టుబట్టొద్దు. వాక్యం ఎక్కడ పైకి లేచింది, ఎక్కడ ఆగింది, అంతవరకే.

ఆర్ఎఫ్ఐ అనే ఫ్రెంచ్ రేడియో కూడా రోజూ పది నిమిషాల వార్తలు తేలిక ఫ్రెంచ్‌లో ఇస్తుంది. పేరులో తేలిక ఉందని మోసపోకండి. మొదటి ఆరునెలలూ అది మనది కాదు.

సరిచూసుకోవడం: రెండు వారాల తర్వాత ఏదైనా వీడియో కళ్లు మూసుకుని వినండి. మాటకూ మాటకూ మధ్య సందు వినపడకపోతే దిగులు పడకండి, ఫ్రెంచ్‌లో నిజంగానే సందు ఉండదు. ఎందుకో ఐదో మెట్టులో చూస్తారు.

4. నోరు తిప్పడం

నిదానంగా చదవండి, అసలు పని ఇక్కడే ఉంది.

*త, ద.* ఇంగ్లీషు అలవాటుతో మనం బల్లను "టేబుల్" అంటాం. ఫ్రెంచ్‌లో అది "తాబ్ల్". నాలుక కొన పళ్లను తాకాలి, తాతయ్యలో త లాగా. దంతంలో ద లాగే ఫ్రెంచ్ ద కూడా. ఇంగ్లీషువాళ్లు నెలల తరబడి తంటాలు పడే చోట మనకు ఇది పుట్టుకతోనే ఉంది, కానీ ఇంగ్లీషు మీదుగా వెళ్లి పోగొట్టుకుంటాం. ట, డ అనే అలవాటు మొదటి రోజే వదిలేయండి. క, ప కూడా అంతే, మన కలం, పలకలో ఉన్నవే. గాలి ఊదక్కర్లేదు.

*అరసున్న.* ముక్కుతో పలికే అచ్చులు ఫ్రెంచ్‌కు ప్రాణం. మన పాత పుస్తకాల్లో "వాఁడు", "వీఁడు" అని అరసున్నతో రాసేవారే, అదే గుర్తు ఇక్కడ అక్కరకొస్తుంది. మంచి అంటే "బోఁ", ద్రాక్షసారా అంటే "వేఁ", తెలుపు అంటే "బ్లాఁ". చివర మ్ గానీ న్ గానీ వినపడకూడదు. పెదాలు మూసుకున్నాయంటే తప్పు చేశారన్నమాట. అద్దం ఇందుకే: "బోఁ" అన్నాక నోరు తెరిచే ఉందా చూసుకోండి.

*ఈ-ఊల మధ్య అచ్చు.* తెలుగులో లేదు. "ఈ" అని సాగదీస్తూనే, నాలుక కదపకుండా, పెదాలు మాత్రం "ఊ"కు లాగా గుండ్రంగా ముందుకు తెండి. వచ్చే శబ్దమే అది. నాకు రావడానికి నెలన్నర పట్టింది. ఈలోగా జరిగింది చెప్తాను. చెన్నై క్లాసులో టీచర్ పెన్ను ఎక్కడుందని అడిగింది. పెన్ను నోటుపుస్తకం మీద ఉంది, అందరికీ కనిపిస్తూనే. "మీద" అనడానికి "ద్‌స్యూ" అనాలి, ఆ మధ్య అచ్చుతో. నేను ధైర్యంగా "ద్‌సూ" అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా నా నోటుపుస్తకం ఎత్తి దాని కిందకు వంగి చూసింది. "ద్‌సూ" అంటే "కింద". మళ్లీ చెప్పాను. మళ్లీ ఎత్తి చూసింది. మూడోసారికి గానీ నా పెదాలు ముందుకు రాలేదు.

*ర.* గొంతు వెనక నుంచి వస్తుంది. ఉప్పునీళ్లు పుక్కిలించేటప్పుడు వచ్చే గరగరను బాగా తగ్గిస్తే అదే. రాకపోతే మన ర తోనే మాట్లాడండి, అర్థం చేసుకుంటారు. దీని మీద నెలలు తగలేయకండి, ముందు అచ్చులు సరిచేసుకోండి.

*ఝ.* "బోఁఝూర్"లో నేను ఝ అని రాసింది నిజానికి మన ఝ కాదు. ఇంగ్లీషు "ప్లెజర్", "టెలివిజన్" మాటల మధ్యలో వినపడే శబ్దం. ఇక్కడ మాత్రం ఇంగ్లీషు సాయం తీసుకోవచ్చు.

*చివర ఉ.* ఇది మన సొంత జబ్బు. మన భాషలో మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్ మనకు బస్సు అయింది, కార్ కారైంది. అదే చేత్తో "మదామ్"ను "మదాము", "అవెక్"ను "అవెక్కు" చేస్తాం. హల్లు దగ్గర ఠక్కున ఆపడం నేర్చుకోండి.

ఇప్పుడు నోటుపుస్తకం సంగతి. తెలుగులో రాసుకుంటే మీ కన్ను "ద్‌సూ" అని చదువుతుంది, నోరు అదే పలుకుతుంది, ఆ మధ్య అచ్చు ఎప్పటికీ రాదు. మొదటి మూడు నెలలూ నేను అలాగే రాసుకున్నాను. ఆ నోటుబుక్కు మొత్తం తర్వాత పారేయాల్సి వచ్చింది. ఫ్రెంచ్ స్పెల్లింగే రాయండి, ఉచ్చారణ కావాలంటే ఫోన్‌లో వినండి.

సరిచూసుకోవడం: ఫోన్ కీబోర్డును ఫ్రెంచ్‌కు మార్చి, మైకు నొక్కి మాట్లాడండి. మీరన్న మాటే తెర మీద పడితే నోరు దారిలో ఉన్నట్టు. "మీద" అంటే "కింద" పడితే మళ్లీ అద్దం దగ్గరకు వెళ్లండి. వారానికోసారి ఒక నిమిషం రికార్డు చేసి తేదీ వేసి దాచుకోండి, రెండు నెలల తర్వాత వినడానికి.

5. రాసింది వేరు, పలికేది వేరు: సంధి గుర్తు తెచ్చుకోండి

మాట చివరి హల్లు ఎక్కువగా పలకరు. పారిస్ వాళ్లకు "పారీ". సి, ఆర్, ఎఫ్, ఎల్ అనే నాలుగు అక్షరాలు చివర ఉంటే మాత్రం తరచుగా పలుకుతారు. "కేర్‌ఫుల్" అన్న ఇంగ్లీషు మాటలోని హల్లులివే, అలా గుర్తుంచుకోవచ్చు. దీనికి మినహాయింపులు బోలెడు. ముఖ్యంగా క్రియల చివర ఇ, ఆర్ వస్తే ఆర్ నోట్లోకి రాదు.

ఆ నిద్రపోతున్న హల్లు, తర్వాతి మాట అచ్చుతో మొదలైతే లేచి కూర్చుంటుంది. "లే" చివర రాతలో ఎస్ ఉంది, పక్కన "ఆమీ" వస్తే అది జ లాగా పలికి "లేజామీ". "వూ" పక్కన "అవే" వస్తే "వూజవే". ఇంగ్లీషు మీడియం పిల్లలు దీన్ని చూసి బెదురుతారు. మనకేం? "మా అమ్మ"ను "మాయమ్మ" అంటూ పెరిగినవాళ్లం. అలాగే "ఝ" (నేను) అనే మాట పక్కన అచ్చు వస్తే ఝ లోని అచ్చు జారిపోయి "ఝెమ్" అవుతుంది. "రాముడు ఎక్కడ" అన్నది "రాముడెక్కడ" అయినట్టే. బడిలో ఉత్వసంధి బట్టీ పట్టినందుకు ఇన్నాళ్లకు ప్రయోజనం.

6. మాటను ఒంటరిగా నేర్చుకోవద్దు

ప్రతి వస్తువుకూ ఆడ, మగ ఉంటుంది. బల్ల ఆడది, పుస్తకం మగది. తర్కం వెతక్కండి. మన చందమామ మనకు మామ, వాళ్లకు ఆవిడ: "లా ల్యూన్". అందుకే మాటను "తాబ్ల్" అని కాక "లా తాబ్ల్" అని, "లీవ్ర్" అని కాక "ల లీవ్ర్" అని నేర్చుకోండి. రెండు రంగుల పెన్నులు తెచ్చుకోమన్నది ఇందుకే, ఆడవి ఒక రంగు, మగవి ఒక రంగు. రోజుకు ఎనిమిది మాటలు చాలు. ఆన్‌కీ లాంటి కార్డుల యాప్ వాడితే మర్చిపోయేముందే మళ్లీ చూపిస్తుంది. డుయోలింగో సరదాకు మంచిదే, రోజూ కూర్చోబెడుతుంది. దాని ఒక్కదాని మీదే ఆధారపడితే మాత్రం వంద రోజుల తర్వాత కూడా నోరు పెగలదు.

7. వాక్యం తెలుగులో ఆలోచించండి

ఆకలేస్తోందని చెప్పాలి. ఇంగ్లీషు మీదుగా వెళ్తే "ఝ స్వీ" అని మొదలుపెడతారు, అంటే "నేను... అయి ఉన్నాను". ఫ్రెంచ్‌వాళ్లు అలా అనరు. "ఝే ఫేఁ" అంటారు: "నాకు ఆకలి ఉంది". మనం అనేదీ అదే కదా! దాహం, నిద్ర, భయం, చలి, ఉక్క, అన్నీ ఇలాగే, నాకు ఉంది. ఉక్కగా ఉందని "ఝ స్వీ"తో చెప్పబోయారా, వినేవాళ్లు నవ్వు ఆపుకోవాల్సి వస్తుంది, అర్థం వేరే వైపు వెళ్తుంది. వయసూ అంతే. "ఝే కారాఁతాఁ" అంటే "నాకు నలభై ఏళ్లు ఉన్నాయి". నచ్చింది అనడానికి "సా మ ప్లే", అంటే "అది నాకు నచ్చుతుంది".

క్రియల చివరలు మనిషిని బట్టి మారతాయి. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తాం అని రోజూ మార్చేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. నిలువు పట్టికలు బట్టీ పట్టడం కన్నా ఒక్కో క్రియతో మీ ఇంటి మీద మూడు వాక్యాలు చెప్పండి.

"త్యూ", "వూ" అంటే నువ్వు, మీరు. టీచర్‌ను, అంగడివాళ్లను, కొత్తవాళ్లను "వూ" అనాలి. ఇంట్లోవాళ్లు, స్నేహితులు, చిన్నపిల్లలు "త్యూ". ఫ్రెంచ్‌వాళ్లు ప్రార్థనలో దేవుణ్ణి కూడా "త్యూ" అంటారు. మనం మాత్రం ఏడుకొండలవాణ్ణి "మీరు" అంటామా? అనుమానం వస్తే "వూ"తో మొదలుపెట్టండి, వాళ్లే "త్యూ అనండి" అంటారు. అంగట్లోకి అడుగు పెట్టగానే "బోఁఝూర్" అనకుండా నేరుగా ధర అడగడం వాళ్ల దగ్గర మొరటుతనం. పరీక్ష గదిలోనూ ముందు అదే.

8. అంకెలు: అలిపిరి మెట్ల మీద

అరవై దాకా తిన్నగా వెళ్తుంది. ఆపైన తమాషా. డెబ్భై అంటే "అరవై-పది". డెబ్భై ఒకటి "అరవై-పదకొండు". ఎనభై అంటే "నాలుగు ఇరవైలు". తొంభై తొమ్మిది అంటే "నాలుగు ఇరవైలు-పది-తొమ్మిది": కాత్ర్-వేఁ-దీజ్-నఫ్. బెల్జియం, స్విట్జర్లాండ్‌లలో డెబ్భైకీ తొంభైకీ విడిగా చక్కటి మాటలున్నాయి కానీ పరీక్ష రికార్డింగులలో మీకు ఎక్కువగా వినపడేది ఫ్రాన్సు పద్ధతే.

నాకు ఇవి కుర్చీలో కూర్చుంటే రాలేదు, అలిపిరి నడకదారిలో వచ్చాయి. మెట్లు 3,550 అంటారు. అన్నీ లెక్కపెట్టక్కర్లేదు. వంద దాకా పైకి లెక్కపెట్టి, మళ్లీ ఒకటి నుంచి. డెబ్భై దగ్గర ఆయాసమూ వస్తుంది, అంకే తప్పుతుంది. తప్పితే మళ్లీ అరవై నుంచి ఎత్తుకోవడం నా నియమం. గాలిగోపురం చేరేసరికి అరవై-పదకొండు తడబడకుండా వచ్చింది. పక్కన గోవిందా అంటూ ఎక్కుతున్న పెద్దాయన "ఏం మంత్రం తల్లీ అది?" అని అడిగాడు. మోకాళ్లు సహకరించనివాళ్లు బస్టాండులో బస్సుల నంబర్లు చదువుకోవచ్చు.

సరిచూసుకోవడం: ఇంట్లోవాళ్లను పది ఫోన్ నంబర్లు రాయమనండి. ఫ్రాన్సులో నంబరు రెండేసి అంకెల చొప్పున చదువుతారు, మీరూ అలాగే చదివి రికార్డు చేయండి. మర్నాడు ఆ రికార్డింగ్ విని కాగితం మీద రాసి, అసలు నంబర్లతో పోల్చండి. పదిలో ఎనిమిది సరిపోతే తర్వాతి పనికి వెళ్లొచ్చు.

9. మూడో నెలలో పరీక్షించుకోండి

క్లాసు వెనకబడుతోందో, మీరు వెనకబడుతున్నారో తెలిసేది ఇప్పుడే. కాగితం లేకుండా ఇవి చేయండి:

- ఒక నిమిషం మీ గురించి: పేరు, ఊరు, ఇంట్లోవాళ్లు, పని, నచ్చినవి. మధ్యలో పది సెకన్లకు మించి ఆగకూడదు.
- టిఫిన్ అంగట్లో ఆర్డరు ఇచ్చి, బిల్లు అడగడం. ఇడ్లీ ఇడ్లీగానే ఉండనివ్వండి, చుట్టూ ఉన్న మాటలు ఫ్రెంచ్‌లో.
- స్నేహితురాలికి నలభై మాటల మెసేజ్: తిరుపతికి రమ్మని పిలవడం, రోజు, టైము, ఎక్కడ కలవాలో.
- ఏ1 వీడియో ఒకటి రెండుసార్లు విని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి రాయడం.

రెండు చేయలేకపోతే టీచర్‌తో మాట్లాడండి. నాలుగూ చేయలేకపోతే క్లాసు మార్చడం మంచిది. సిగ్గుపడి ఆరు నెలలు సాగదీయకండి.

ఫ్రాన్సులో ఉండేవాళ్లతో మాట్లాడే వీలుంటే టైము చూసుకోండి: వాళ్లు మనకన్నా ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక.

10. డెల్ఫ్ ఏ1 రాయాలనుకుంటే

వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, నాలుగు భాగాలు. ఒక్కోదానికి 25, మొత్తం 100. పాసు మార్కులు 50. అయితే ఏ భాగంలోనూ 5 కన్నా తగ్గకూడదు, తగ్గితే మిగతావాటిలో ఎంత వచ్చినా ఫెయిలే. మొదటి మూడూ కలిపి గంటా ఇరవై నిమిషాలు. మాట్లాడే భాగం ఐదు నుంచి ఏడు నిమిషాలు, ముందు తయారవడానికి పది నిమిషాలు ఇస్తారు.

మనవాళ్లు చదవడంలో, రాయడంలో మార్కులు తెచ్చుకుని, వినడంలో జారతారు. రికార్డింగ్ మొదలవకముందే ప్రశ్నలు చదివేసుకోండి. ఒకటి వినపడకపోతే వదిలి తర్వాతిదానికి వెళ్లండి, ఆలోచిస్తూ కూర్చుంటే రెండూ పోతాయి. మాట్లాడేచోట అర్థం కాకపోతే మౌనంగా ఉండకండి. మళ్లీ చెప్పమని ఫ్రెంచ్‌లోనే అడగడం తప్పు కాదు.

పరీక్షకు చెన్నై గానీ బెంగళూరు గానీ వెళ్లాలి కాబట్టి ముందు రోజే చేరుకోండి. రిజిస్ట్రేషన్ ఫారంలో పేరు దగ్గర మాత్రం రెండుసార్లు చూసుకోండి. మన పేర్లతో వచ్చే చిక్కు మీకు తెలిసిందే: పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకోలా. పాస్‌పోర్టు ఉంటే దానిలో ఉన్నట్టే, ఇంటిపేరు ఇంటిపేరు గడిలోనే రాయండి, ఆ పాస్‌పోర్టే పరీక్షకు తీసుకెళ్లండి. డిప్లొమా జీవితాంతం చెల్లుతుంది, దాని మీద పడిన పేరు కూడా అంతకాలమూ ఉంటుంది.